అడగకుండా మొక్కిన తల

నేను చదివింది మూడో తరగతి. నాలుగులో కూర్చున్న నెలకే మా అమ్మ నా పలక తీసి చూరులో చెక్కి, నెత్తిన చుట్టకుదురు పెట్టింది. చుట్టకుదురంటే పెద్ద వస్తువేమీ కాదు. పాత చీరె పేలికను గుండ్రంగా చుట్టి, నెత్తికీ బరువుకీ మధ్యన పెట్టుకునేది. అప్పటి నుంచి నా తలకు ఆలోచించే పని తక్కువ, మోసే పని ఎక్కువ. కట్టెల మోపు, ఇప్పపువ్వు గంప, తునికాకు మూట, నీళ్ల బిందె, పొలానికి సద్దిగిన్నె, ఒక్కోసారి యూరియా బస్తా. ఇన్నేళ్లలో ఒక్క చుట్టకుదురు కూడా నేను పారేయలేదు. నలిగిపోయినవాటిని విప్పి పొయ్యి మీది గిన్నెలు దించుకునే మసిగుడ్డలు చేసుకున్నాను.

కాబట్టి తల గురించి ఎవరైనా అడిగితే నాలుగు మాటలు చెప్పగలను. అరవై దాటేదాకా ఎవరూ అడగలేదు. అడిగింది నా మనవరాలు.

మా ఊరు ములకలపల్లి దాటి ఇంకా లోపలికి, రోడ్డు అయిపోయి అడవి మొదలయ్యే చోట ఉంటుంది. పిల్ల తొమ్మిదో తరగతి, గురుకులంలో ఉండి చదువుతుంది. మొన్న దసరా సెలవులకు వచ్చినప్పుడు సంచిలోంచి విడిచిన బట్టలకంటే ముందు ఒక నోటుబుక్కు తీసింది. బడి తెరిచిన మొదటి శనివారం పిల్లలందరి ముందు స్టేజీ ఎక్కి మాట్లాడాలట. వాళ్ల తెలుగు టీచర్ ఒక్కో పిల్లకు ఒక్కో విషయం ఇచ్చిందట. ఒకరికి చెయ్యి, ఒకరికి కన్ను, మా పిల్లకు తల. తల మీద మన సామెతలు, వేరే దేశాల సామెతలు ఇరవైకి తక్కువ కాకుండా పోగు చెయ్యాలి.

"నానమ్మా, తల మీద సామెతలు చెప్పు."

"ఊకనే చెప్తనా? అట్ల ముందు కూసో, నూనె రాస్తా. చేతులు ఖాళీగ పెట్టి మాట్లాడుడు నాకు రాదు."

ఆమె మెట్టు మీద కూర్చుంది, నేను పై మెట్టు మీద. నూనె సీసా మూతతో కొలిచి ఒక్క మూతెడు అరచేతిలో పోసుకున్నాను. రెండో మూతెడు పండగకే. జడ విప్పితే వెంట్రుకలు నడుము దాటి మెట్టు మీద పడ్డాయి. సెలవులకు వచ్చినప్పుడల్లా నేను జానలతో కొలుస్తాను. ఈసారి కొలిచి, లెక్క మనసులోనే పెట్టుకున్నాను.

"తలకు వచ్చింది తలపాగతోటి పోయింది, రాస్కో," అన్నాను. "చెట్టుకొమ్మ ఇరిగి పడ్డదనుకో, తలపాగే పడిపోయింది, తల మిగిలింది. పెద్ద ఆపద చిన్నగ పోయిందని."

రాసుకుంది.

"రోట్ల తల పెట్టినాక రోకటి పోటుకు భయపడొద్దు. బోడిగుండుకు మోకాలుకు ముడి పెట్టొద్దు. అందరికి తలల నాలుక లెక్క ఉండాలె."

"చివరిది సామెత కాదు నానమ్మా, జాతీయమంటరు. మా టీచర్ ఒప్పుకోదు."

"మీ టీచర్‌కు నాలుక లేదా ఏంది? రాయి. ఒప్పుకోకపోతె ఆమెనే కొట్టేస్తది."

తరువాత ఆమె వంతు. వాళ్లమ్మ ఫోన్లో వెతికి రాసుకున్నవి ఒక్కొక్కటి చదవసాగింది.

"ఒక తల మంచిదే, రెండు తలలు ఇంకా మంచివి. ఇది రష్యా వాళ్లదంట."

"రెండు తలలైతే నూనె రెండింతలు. వాళ్లకు కొబ్బరిచెట్లు మస్తుగున్నయేమో."

"అక్కడ మంచు పడ్తది నానమ్మా. కొబ్బరిచెట్లు ఉండయి. ఇది టర్కీది. బుద్ధి వయసుల లేదు, తలల ఉంది."

"అది ఎవరికి చదువుతున్నవ్?"

"టర్కీ వాళ్లకు," అంది తల తిప్పకుండా. వెనక నుంచి చూసినా ఆమె బుగ్గ ఉబ్బడం కనబడింది.

ఇటలీ వాళ్లది ఒకటి ఉంది. తల లేనివాడికి కాళ్లుండాలి. అంటే మరిచిపోయేవాడు మళ్లీ మళ్లీ తిరగాలని. సరిగ్గా ఆ నిమిషానికే మా కోడలు దుకాణం నుంచి వచ్చి సంచి దించి చూసి, ఉప్పు మరిచానని మళ్లీ చెప్పులు తొడుక్కుంది. నవ్వు ఆపుకోవడానికి నేను పిల్ల జుట్టు గట్టిగా లాగాల్సి వచ్చింది.

అన్నిటికంటే నాకు నచ్చింది హాలండు వాళ్లది. నెత్తి మీద వెన్న ఉన్నవాడు ఎండలోకి పోకూడదు. తనలో తప్పుంచుకుని పక్కవాళ్ల తప్పు ఎంచడానికి బయటికి వస్తే తనదే కరిగి కారుతుందట.

"మాట మంచిగున్నది గని, వెన్నను నెత్తికి పెట్టుకునుడేంది? అంత దుబారా చేసినోడు ఎండకు పోయినా పోకున్నా మునిగినోడే."

ఇట్లా నవ్వుకుంటూనే జడ అల్లాను. చివర రిబ్బను ముడి వేసి, చెప్పాల్సింది చెప్పాను.

"ఎల్లుండి భద్రాచలం పోదాం. నీ ఎంటికలు నడుం దాటినయి. రామయ్యకు ఇచ్చే మొక్కుంది."

ఆ మొక్కు సంగతి ఇక్కడ చెప్పాలి. పిల్లకు నాలుగేళ్లప్పుడు మలేరియా వచ్చి తలకెక్కింది. మా అడవి పక్క ఊళ్లలో ఆ మాట అంటే చాలు, విన్నవాళ్లు చేతిలో పని ఆపేస్తారు. ఎడ్లబండిలో కొంతదూరం, ట్రాక్టరులో కొంతదూరం పోయి, చివరికి ఎవరో దయతలచి కారు ఆపితే భద్రాచలం దవాఖానాకు చేరాం. రెండు దినాలు కన్ను తెరవలేదు. రెండో దినం నేను ఆ తలను ఒళ్లో పెట్టుకుని, గోదావరి ఉన్న దిక్కుకు తిరిగి, ఈ తలను నిలబెట్టు తండ్రీ, నడుం దాటేదాకా వెంట్రుకలు పెంచి అన్నీ నీకే ఇస్తాను అని మొక్కాను. మూడో దినం పిల్ల లేచి ఇడ్లీ అడిగింది.

ఆ రోజు నుంచి ఆ జుట్టును పంట పెంచినట్టు పెంచాను. గురుకులంలో చేరేదాకా వారానికి రెండుసార్లు నూనె, ఆదివారం కుంకుడుకాయ, ఎండాకాలం మందారాకు. చేరాక సెలవులకు వచ్చినప్పుడల్లా అవే. నా దువ్వెనకు వచ్చిన వెంట్రుకలు చుట్టచుట్టి చూరులో పెట్టి, స్టీలు సామాను వాడు వచ్చినప్పుడు గిన్నెలకు మార్చుకునేదాన్ని. పిల్ల దువ్వెనకు వచ్చినవి మాత్రం ఒక్కటీ అమ్మలేదు. దేవుడి సొమ్ము కదా, గోదావరిలో వదిలేదాన్ని. మా ఇంట్లో ఉన్న ఒకే ఒక్క దుబారా ఆ తల.

ఇదంతా పిల్లకు తెలియదు. చెప్పలేదు. వాళ్లమ్మకు మొక్కున్నదని తెలుసు గానీ, మూడు కత్తెర్లతో అయిపోతుందని అనుకుంది. ఆడపిల్లలు గుండు చేయించుకోలేకపోతే చివర మూడుసార్లు కత్తిరించి ఇవ్వడం ఉంది, దాన్నే మూడు కత్తెర్లంటారు.

పిల్ల నెమ్మదిగా వెనక్కి తిరిగింది.

"అన్నీనా?"

"అన్నీ."

"అంటె ఇన్నేండ్ల సంది నూనె రాసింది రామయ్యకా?"

"రామయ్యకే. మరి నీకనుకున్నవా?"

నెత్తికీ బరువుకీ మధ్య చుట్టకుదురు పెట్టుకోవాలని నాకు నేర్పారు గానీ, నాలుకకూ మాటకూ మధ్య ఏం పెట్టుకోవాలో ఎవరూ నేర్పలేదు. పిల్ల ఏడవలేదు. జడను ముందుకు తెచ్చుకుని చివర పట్టుకుని కూర్చుంది.

ఉప్పుతో తిరిగి వచ్చిన కోడలు విని గుమ్మంలోనే ఆగిపోయింది.

"అత్తమ్మా, మూడు కత్తెర్లు ఇద్దాం. అందరు ఇస్తలేరా?"

"నేను మూడు కత్తెర్లని మొక్కలే."

"పది దినాలల్ల పిల్ల స్టేజీ ఎక్కాలె. అందరు నవ్వరా?"

"గుండుతోటి ఎక్కితె స్టేజీ ఇరుగుతదా? తల మీద సామెతలు చెప్పేటామెకు తల మంచిగ కనబడాలె."

నా మాటకు నేనే నవ్వాను. ఇంకెవరూ నవ్వలేదు.

మరునాడు పొద్దున పిల్లను తీసుకుని ఆటోలు ఆగే చోటున్న దర్జీ దగ్గరికి పోయాను. గుండు చేయించుకున్న తలకు ఎండ తగలకుండా ఒక గుడ్డ టోపీ కావాలి. కొత్త గుడ్డ ఎందుకు, నా పాత జాకెట్టు చిరిగింది ఒకటి తీసుకుపోయాను. దర్జీ ముసలాయన మధిర నుంచి వచ్చి ఇక్కడ మిషను వేసుకుని ముప్పై ఏళ్లయింది. ఆయనా నేనూ కలిస్తే బట్టకంటే మాటలే ఎక్కువ కత్తిరిస్తాం.

ఆయన టేపు పట్టుకుని పిల్ల తల చుట్టూ పెట్టి ఆగాడు.

"అక్కా, జుట్టు మీద కొలవాల్నా, గుండు మీద కొలవాల్నా?"

"గుండుకే. పోయే జుట్టుకు గుడ్డ ఎందుకు?"

"లేని గుండును ఎట్ల కొలవాలె? ఇంత జుట్టుంది, రెండు వేళ్లు తగ్గియ్యాల్నా, మూడు వేళ్లు తగ్గియ్యాల్నా?"

"నీ తల మీద ఎంటికలు లేవు గదా. దాన్ని కొలిచి అందాజు కట్టు."

ఆయన తన బట్టతల నిమురుకుని నవ్వాడు. పిల్ల చేతిలో నోటుబుక్కు చూసి సంగతి అడిగాడు. చెప్పగానే మిషను మీంచి కాలు తీసి కూర్చున్నాడు.

"రాస్కో బిడ్డా, మా ఉర్దూల ఒకటుంది. ఓఖ్లీ మే సర్ దియా తో మూసల్ సే క్యా డర్నా. రోట్లో తల పెట్టినంక రోకలికి భయమెందుకని."

"అది మాదే. నిన్ననే చెప్పిన," అన్నాను.

"మీ రోలు, మా రోలు వేరే ఉంటయా అక్కా? ఇంకోటి రాయి. సర్ ముండాతే హీ ఓలే పడే. అట్ల గుండు గీయించుకున్నడో లేదో, ఇట్ల వడగండ్లు పడ్డయంట. పని మొదలుపెట్టంగనే దెబ్బ తగులుడన్నట్టు."

పిల్ల రెండూ రాసుకుంది. నిన్నటి లాగా నవ్వలేదు. అడిగినదానికి అవ్ అంటుంది, తల దించుకుని రాసుకుంటుంది, ఎడమ చెయ్యి మాత్రం జడ చివర వదలడం లేదు. దర్జీ టోపీ కుట్టి ఇచ్చి, పిల్లకేసి ఒకసారి, నాకేసి ఒకసారి చూసి, కుట్టుకూలి తీసుకోనన్నాడు. బలవంతాన ఇచ్చి వచ్చాను. నా మొక్కులో ఇంకొకరి చెయ్యి ఎందుకు?

ఇంటికి నడుస్తుంటే పిల్ల నోటుబుక్కు తిరగేస్తూ ఆగింది.

"నానమ్మా, ఒకటి సమజ్ అయితలేదు. ఆఫ్రికాల యొరుబా అనేటోళ్ల సామెత. తల గలామె లేకుంట తల గొరగొద్దు."

"అదేం మాట? తల గలామె రాకుంట తల ఒక్కటే నడిసొస్తదా?"

"నాకూ తెలుస్తలేదు. టీచర్‌ను అడగాలె."

ఎత్తిపొడుపు కాదది. నా మనవరాలు మాట దాచుకుని మాట్లాడే రకం కాదు. దాని పక్కన బుద్ధిగా "అర్థం తెలియదు" అని రాసి, పుస్తకం మూసింది.

మధ్యాహ్నం దాటాక నా పాత నేస్తం వచ్చింది. ఆమె అడవి లోపలి కోయగూడెం మనిషి. వయసులో ఉన్నప్పుడు కట్టెలకు, తునికాకుకు కలిసి పోయినవాళ్లం. ఇప్పుడు సీతాఫలాల కాలం కాబట్టి గంప నెత్తిన పెట్టుకుని ఊళ్లో తిరిగి, పొద్దు వాలేటప్పుడు మా అరుగు మీద దించుతుంది. గంప దించడానికి నేను చెయ్యి వేయబోతే ఎప్పుడూ ఒకే మాట అంటుంది, ఆ రోజూ అదే అంది.

"దించుకోనీకి ఒక్కదాన్నే చాలు. ఎత్తుకోనీకే ఇద్దరం కావాలె."

నేను మంచినీళ్లు ఇచ్చాను. ఆమె మూడు పండ్లు తీసి అరుగు మీద పెట్టింది. ఒకటి బాగా మాగింది, అది తనకు అమ్ముడుపోదు కాబట్టి నాకు. లెక్క ఇద్దరికీ తెలుసు. పిల్ల వచ్చి పక్కన కూర్చుని నోటుబుక్కు తెరిచింది.

"అమ్మమ్మా, మీ వాళ్లు తల మీద ఏమన్న సామెత చెప్తరా?"

ఆమె కొంగుతో మెడ తుడుచుకుంది.

"మా మాటల శానా ఉంటయి బిడ్డా, తెలుగుల చెప్తే వాటి రుచి పోతది. ఒకటి చెప్తా. అది సామెతనో కాదో నాకెరుక లేదు. మీ నానమ్మ కట్టిన మోపు కింద పడ్డనాడు నేనన్న మాట."

"గది ఇప్పుడెందుకే?" అన్నాను.

"ఎందుకంటె పిల్ల అడిగింది. ఇను బిడ్డా. మీ నానమ్మకు మోపు కట్టుడంటె మహా ఇష్టం. తనది తాను కట్టుకున్నంక నాది గుడ కట్టేది. అడివికి మళ్ల మళ్ల ఎవరు పోతరని, ఒక్క మోపుల రెండు మోపుల కట్టె కుక్కేది. అంత పీనాసి. ఒకనాడు నెత్తికెత్తింది, నాలుగడుగులు ఏసిన, మెడ కటుక్కుమన్నది, వాగుల పడ్డ. వారం దినాలు ఈ పక్కకు తల తిరగలే."

ఆమె తల తిప్పి చూపించింది. పిల్ల ఫక్కున నవ్వింది. మొక్కు మాట విన్నప్పటి నుంచి అదే మొదటిసారి.

"అప్పుడు ఏమన్నవ్ అమ్మమ్మా?"

"మోపు కట్టేటామె మోసే మెడను అడగాలె అన్న. అడగకుంట కడితె నువ్వే మొయ్యి అన్న."

"మరి నానమ్మ మోసిందా?"

"మోయక? రెండు మోపులు ఒక్కదాని మీద ఒకటి పెట్టుకుని మోసింది. నోరు పెద్దదే గని, మీ నానమ్మ మెడ గుడ గట్టిదే."

పిల్ల ఆ మాట కూడా నోటుబుక్కులో రాసుకుంది. నేస్తం గంప ఎత్తుకునేటప్పుడు నేను ఒక చెయ్యి వేశాను. ఆమె పోయాక బియ్యం చాట ముందు పెట్టుకుని కూర్చున్నాను. వేళ్లు రాళ్లు ఏరుతున్నాయి గానీ నా కళ్ల ముందు దవాఖానా బల్ల ఉంది. ఒళ్లో నిప్పులాంటి చిన్న తల. కనుగుడ్లు పైకి పోయి, పిలిస్తే పలకకుండా, ఎక్కడో ఉన్న పిల్ల. తల నా ఒళ్లో ఉంది. తల గలామె లేదు.

ఆఫ్రికా సామెత అర్థం అప్పుడు తెలిసింది నాకు. చాటలో రాయి ఒకటి దొరికితే దాన్ని చాలా దూరం విసిరాను.

మొక్కు తప్పుతానా అంటే తప్పను. దేవుడికి ఇస్తానన్నది ఎగ్గొట్టిన వంశం కాదు మాది. అయితే మోపు కట్టింది ఎవరు? నేను. మరి మెడ ఎవరిది కావాలి? అంతవరకు లెక్క సూటిగానే ఉంది. చిక్కల్లా, నా నెత్తిన మిగిలింది పిడికెడు, అదీ తెల్లది. బియ్యం కొలుస్తానని చెప్పి నూకలు కొలిచినట్టు అవుతుందేమోనని మనసు పీకింది. రామయ్యకు చూపు తక్కువేం కాదు కదా.

ఆ సంగతి ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. చెబితే ముందు నాది తప్పని ఒప్పుకోవాలి. అంత అలవాటు లేదు.

తెల్లవారి ముగ్గురం బయలుదేరాం. పాల్వంచ దాకా ఆటో, అక్కడి నుంచి బస్సు. ఆధారు కార్డు చూపిస్తే ఆడవాళ్లకు టికెట్టు ఊరికే ఇస్తారు కాబట్టి, ఆ కార్డును నేను మంగళసూత్రం కంటే జాగ్రత్తగా కొంగున ముడి వేసుకుంటాను. కోడలు నాతో మాట్లాడకుండా కిటికీ వైపే చూస్తూ కూర్చుంది. పిల్ల మధ్యలో కూర్చుంది. ఎవరూ చెప్పకుండానే పొద్దున లేచి కుంకుడుకాయతో తలంటుకుని, తనే జడ అల్లుకుంది. ఎందుకే అంటే, "ఇచ్చేది మంచిగ ఇయ్యాలె గదా నానమ్మా, నువ్వే చెప్తవు," అంది. వంతెన మీద బస్సు పోతుంటే గోదావరి ఎర్రగా, నిండుగా ఉంది. అందరూ చేతులు జోడించారు. నేను కూడా జోడించి, తండ్రీ, నీతో ఒక మాట మార్చుకుంటున్నాను, కోపగించుకోకు అని లోపలే చెప్పుకున్నాను.

తలనీలాలు తీసే చోట వరసగా మంగలివాళ్లు కూర్చున్నారు. మాకు దొరికినతను బాగా కుర్రవాడు. పిల్ల నా చెవి దగ్గర గుసగుసగా, "అరబ్బు వాళ్ల సామెత ఉంది నానమ్మా, అనాథల తల మీద మంగలిపని నేర్చుకుంటరంట," అంది. జడను రెండు చేతులతో పట్టుకుని ఉంది, అయినా సామెత వదల్లేదు. నా మనవరాలే అనుకున్నాను.

"రా పాపా, కూసో," అన్నాడు అతను.

నేను కొంగు తీసి, జుట్టు ముడి విప్పి, పీట మీద కూర్చున్నాను.

"అవ్వా, టికెట్టు పాపకన్నరు గదా?"

"టికెట్టు మీద పేరు రాసుందా? మొక్కింది నేను, కూసున్నది నేను. నీళ్లు పొయ్యి."

"గంత జుట్టున్న పాపను ఇడిసిపెట్టి గీ పిడికెడా?"

"పిడికెడే. గని యాభై ఏండ్లు మోపులు మోసిన తల. తేలికదనుకోకు, సూసి గీయి. బ్లేడు కొత్తది ఏసినవా?"

"కొత్తదే అవ్వా."

"పాత బ్లేడు ముక్క ఎక్కడ పెట్టినవో సూపియ్యి."

అతను చూపించాడు. ఆపైన చల్లటి నీళ్లు పడ్డాయి. తల వంచి ఉన్నాను కాబట్టి కోడలి కాళ్లు, పిల్ల కాళ్లు మాత్రమే కనబడుతున్నాయి. పిల్ల కాళ్లు ఒకటి రెండుసార్లు ముందుకు వచ్చి ఆగాయి. కోడలి కాళ్లు కదల్లేదు. కాసేపటికి కోడలి చెయ్యి వచ్చి నా వీపు మీద జారిన చీరె సర్దింది. ఆ పని అడగకుండా చేసినా ఏమీ అనలేదు నేను.

లేచి గుండు తడుముకుంటే కొత్తకుండ తడిమినట్టుంది. ఇన్నేళ్లు ఎండా వానా బరువూ చూసిన చర్మానికి మొదటిసారి గాలి తగిలింది. బాగుంది కూడా.

అప్పుడు పిల్ల ముందుకు వచ్చింది. ఎవరూ పిలవలేదు.

"అన్నా, నాకు మూడు కత్తెర్లు పెట్టు."

"నిన్నెవరడిగిన్రే?" అన్నాను.

"ఎవరు అడగలే. నేనే ఇస్తున్న. జరమొచ్చిన తల నాదే గదా."

అతను జడ చివర విప్పి మూడుసార్లు కత్తిరించాడు. నాలుగు వేళ్ల పొడుగు పోయింది. తల గలామె ఎదురుగా ఉంది, నోరు తెరిచి అడిగింది. నూకలతో పాటు నాలుగు గింజల మంచి బియ్యం కూడా చేరింది రామయ్యకు.

గోదావరిలో మునిగేటప్పుడు కోడలు చలికి వెనకాడుతుంటే, "నిండ మునిగినోళ్లకు చలి లేదు, మునుగు," అన్నాను. "నీకైతె ఎంటికలు లేవు, ఆరబెట్టుకునే పని లేదు అత్తమ్మా, ఎన్నైనా చెప్తవు," అంది. రెండు రోజుల తరువాత నాతో ఆమె మాట్లాడిన మొదటి మాట అది.

దర్శనం చేసుకుని బస్సు దగ్గరికి వచ్చేసరికి, ఎండ అట్లా ఉండగానే, పెద్ద పెద్ద చినుకులు టపటపా నా గుండు మీదే పడ్డట్టు పడ్డాయి. పిల్ల నాకేసి చూసింది, నేను పిల్లకేసి చూశాను.

"సర్ ముండాతే హీ," అంది.

"ఓలే పడే," అన్నాను. దర్జీ ముందు ఒప్పుకోను గానీ, ఒక్కసారికే నోటికి వచ్చింది.

సంచిలోంచి ఆ టోపీ తీసి పెట్టుకున్నాను. పిల్ల తలకు అందాజుగా కుట్టింది నాకు కొంచెం బిగుతైంది. అయినా నా పాత జాకెట్టే కదా, నా మాట వినక ఎక్కడికి పోతుంది? రెండు రోజులు అదే పెట్టుకుని తిరిగాను. స్టీలు సామాను వాడు సైకిలు ఆపి, "అవ్వా, ఎంటికలున్నయా?" అంటే టోపీ ఎత్తి చూపించాను. పాపం, గిన్నెలన్నీ గలగలలాడేదాకా నవ్వి పోయాడు.

సెలవులు అయిపోయే ముందు రోజు సాయంత్రం పిల్ల మా అరుగునే స్టేజీ చేసుకుని అంతా ఒకసారి చెప్పి చూపించింది. కోడలు, నేను, సీతాఫలాల గంపతో నా నేస్తం కింద కూర్చున్నాం. తల ఎత్తి, చేతులు వెనక్కి పెట్టుకుని, ఎక్కడా ఆగకుండా రష్యా నుంచి మా వాగు దాకా చెప్పింది. మోపు మాట వచ్చినప్పుడు నేస్తం మోచేత్తో నన్ను పొడిచింది. మొత్తం ఇరవై రెండయ్యాయి.

పిల్ల నీళ్లు తాగడానికి లోపలికి పోయినప్పుడు నోటుబుక్కు తీసి చూశాను. అక్షరం అక్షరం కూడబలుక్కుంటే నేను చదవగలను. యొరుబా వాళ్ల సామెత పక్కన "అర్థం తెలియదు" అన్నది కొట్టేసి, కింద వేరే రాసింది. "అర్థం మా నానమ్మకు తెలుసు."

పుస్తకం ఎక్కడిదక్కడ పెట్టి, నూనె సీసా తెచ్చుకున్నాను. ఆమె వచ్చి కింది మెట్టు మీద కూర్చుంది.

"ఇప్పుడు ఎవరికి పెంచుతున్నవ్ నానమ్మా?"

"నీకే. ఇంక నీ ఇష్టం. పెంచుకుంటవో, కత్తిరిచ్చుకుంటవో."

"మరి నూనె?"

"ఒక్క మూతెడే. దేవునికని పండగకు రెండోది గుడ పోసిన రోజులు అయిపోయినయి."

జడ అల్లడం అయ్యాక నా అరచేతుల్లో కొంచెం నూనె మిగిలింది. ఎప్పుడూ దాన్ని నా జుట్టుకే రాసుకునేదాన్ని. అలవాటుగా చేతులు పైకి పోయి, గుండు తగిలి ఆగాయి. పిల్ల వెనక్కి తిరిగి చూసి, నా రెండు చేతులూ పట్టుకుని, ఆ నూనెను తన చేతుల్లోకి తుడుచుకుంది.

"వంగు," అంది.

"ఎందుకే?"

"నూనె ఊకనే పోవద్దు గదా. రాయాల్నా, వద్దా? అడుగుతున్న."

రాయమన్నాను.